ఆయన కూడా అడిగాడు

దాచేపల్లి దాటి కాస్త లోపలికి వెళితే, సిమెంటు కోసం సున్నపురాయి తవ్వే గోతుల పక్కన ఒక పల్లె ఉంది. ఆ పల్లెలో ఎలీశమ్మ బట్టలు కుడుతుంది. మధ్యాహ్నం పూట గోతుల్లో రాయి పేల్చినప్పుడు ఇంటి రేకులు అదురుతాయి. ఆ అదురు ఆగేదాకా కత్తెర పక్కన పెట్టి కూర్చుంటుంది. ఆగాక మళ్ళీ తీసుకుంటుంది. పదిహేనేళ్ళుగా ఆమె మధ్యాహ్నాలు ఇలాగే గడుస్తున్నాయి.

పుట్టింది మాచవరం దగ్గర. గురజాలలో హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా చదివింది. పెళ్ళయి ఈ ఊరొచ్చింది. భర్త జోజప్ప క్వారీలో రాయికి బొక్కలు వేసే పనికి పోయేవాడు. కొన్నేళ్ళకు దగ్గు పట్టుకుంది. ఛాతీలో రాతిదుమ్ము పేరుకుందని, అది తగ్గే జబ్బు కాదని డాక్టర్లు చెప్పారు. సంఘంవాళ్ళంతా ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. అలా వచ్చిన ఒకావిడ తిరిగి పోతూ, వాకిట్లో చెప్పులు వేసుకుంటూ, ఎలీశమ్మకు ఇంకాస్త విశ్వాసం ఉంటే జోజప్ప ఈపాటికి లేచి తిరిగేవాడని పక్కావిడతో అంది. లోపల జోజప్పకు గంజి తాగిస్తున్న ఎలీశమ్మ ఆ మాట విన్నది. అతను పోయాక కూడా ఆ మాట ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. పిల్లలు లేరు. చర్చికి పోవడం మానలేదు. కానీ జబ్బుచేసిన వాళ్ళింట్లో ప్రార్థన అయిపోగానే అందరికంటే ముందు బయటికొచ్చేసేది.

అలాంటి మనిషిని పట్టుకుని పాస్టరు అయ్యగారు ఒకరోజు యవ్వనస్తుల కూడిక చూసుకోమని అడిగాడు. చిన్నపిల్లలకు పాటలు నేర్పడానికి తన భార్య, సంఘం అమ్మగారు, ఉంది గానీ, ఇంటర్‌కొచ్చిన పిల్లలు ఆమె దగ్గర కూర్చోవడానికి సిగ్గుపడుతున్నారని, ఒక్కొక్కరే జారిపోతున్నారని ఆయన బాధ. తనకు ప్రసంగాలు చెప్పడం రాదని ఎలీశమ్మ అంది. ప్రసంగం వద్దు, వాళ్ళతో కూర్చుని వాక్యం చదివితే చాలన్నాడు అయ్యగారు.

ఆదివారం మధ్యాహ్నం, ఆరాధన అయ్యాక, చర్చి వెనక రేకుల పంచలో చాప పరిచి కూర్చునేవాళ్ళు. మొదటివారం ఆమె ఒకటే అడిగింది. యేసు ఎవరు? పిల్లలు గడగడా చెప్పారు. దేవుని కుమారుడు, రక్షకుడు, మంచి కాపరి. అన్నీ పాటల్లోవి, క్యాలెండర్ల మీదవి, వాట్సాప్ స్టేటస్‌లలోవి. ఆయన ఎవరింట్లో తిన్నాడు, దేనికి కోప్పడ్డాడు, అలిసిపోయి ఎక్కడ పడుకున్నాడు అని అడిగితే ఎవరూ నోరు తెరవలేదు. అప్పుడామెకు తోచింది, ఒక సువార్త పట్టుకుని మొదటినుంచీ చివరిదాకా ఒక్క ముక్క వదలకుండా చదవాలని. మార్కు చిన్నది కాబట్టి మార్కు మొదలుపెట్టారు.

మన బైబిల్లో తెలుగు పాతది. ఫోన్లలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పిల్లలకు ఆ మాటలు నోరు తిరిగేవి కావు. అందుకని ఎలీశమ్మ ఒక పద్ధతి పెట్టింది. వంతులవారీగా పైకి చదవడం, తరవాత పుస్తకం మూసి, ఆ జరిగింది మన ఊళ్ళో జరిగినట్టు ఎవరో ఒకరు చెప్పడం. పక్షవాతం మనిషిని నలుగురు మోసుకొచ్చి ఇంటికప్పు విప్పి యేసు ముందు దింపిన కథ సాయి కిరణ్ వంతుకొచ్చింది. వాళ్ళ నాన్న రేకులు బిగించే పని చేస్తాడు. ఏ రేకు ఎక్కడ విప్పాలో, మంచానికి తాడు ఎట్టా కట్టాలో, కింద కూర్చున్నవాళ్ళ నెత్తిన ఎంత మట్టి పడి ఉంటుందో వాడు చెప్తుంటే పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. ఎలీశమ్మ కూడా నవ్వింది. ఆ ఇంటాయన ఏమన్నాడో బైబిల్లో రాయలేదేంది పెద్దమ్మా అని వాడు అడిగాడు. పిల్లలందరికీ ఆమె పెద్దమ్మే.

ఆ పిల్లల్లో భవిత ఉంది. ఇంటర్ మొదటి సంవత్సరం. తల్లి ధనలక్ష్మి మిరప చేలల్లో కూలికి పోతుంది. తండ్రి చెన్నకేశవులు సిమెంటు లారీ డ్రైవరు. నెలలో సగం రోజులు రోడ్డు మీదే. ఆయన చర్చికి రాడు, భార్యాబిడ్డలు వస్తుంటే వద్దనడు. అన్న ప్రవీణ్ ఐటిఐ చదువుతున్నాడు. భవితకు చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరాలొచ్చేవి. అవి ఎదిగే నొప్పులనుకున్నారు. పదో తరగతిలో మెట్లెక్కలేక ఆయాసపడుతుంటే గుంటూరు తీసుకుపోయారు. గుండెలో ఒక కవాటం చెడిందన్నారు డాక్టర్లు. రోజూ మాత్రలు వేసుకోవాలి, మధ్యమధ్యలో సూది వేయించుకోవాలి, కాస్త బలం పుంజుకున్నాక ఆపరేషన్ చెయ్యాలి. ఆదివారం క్లాసులో గోడకు ఆనుకుని కూర్చునేది. అందరికంటే తక్కువ మాట్లాడేది.

యాయీరు కూతురి కథ చదివినప్పుడు మాత్రం ఆమె నోరు విప్పింది. చావుబతుకుల్లో ఉన్న కూతురి కోసం యాయీరు యేసును వెంటబెట్టుకుని పోతుంటే, దారిలో ఒక జబ్బుమనిషి ఆయన బట్ట తాకింది. ఆయన ఆగిపోయి, నన్ను తాకిందెవరని అడుగుతూ నిలబడ్డాడు.

"ఆయన ఆగినంతసేపూ ఆ నాయన ఎట్టా ఓర్చుకున్నాడో" అంది భవిత.

ఆ తరవాత యేసు ఆ ఇంటికి పోయి, చనిపోయిన పిల్ల చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లా లే అన్నాడు. ఆ పిల్ల లేచి నడిచింది. ఆ రోజు నుంచి పిల్లలు భవితను చూసినప్పుడల్లా ఆ రెండు మాటలే పలకరింపుగా అనేవాళ్ళు. భవిత నవ్వేది. వాళ్ళన్న ఆ మాటలు ఫోన్లో స్టేటస్ పెట్టుకున్నాడు.

వేసవి ముందు పిడుగురాళ్ళ వైపు ఒక మైదానంలో స్వస్థత సభలు పెట్టారు. నగరం నుంచి పెద్ద ప్రసంగీకుడు వస్తున్నాడని ఊరూరా ఆటోలో మైకు పెట్టి చెప్పారు. ప్రవీణ్, సాయి కిరణ్, క్లాసుకొచ్చే వర్షిణి, ఇంకో పిల్లవాడు కలిసి ఎలీశమ్మ ఇంటికొచ్చారు. భవితను ఆ సభలకు తీసుకుపోవాలని ఉపవాసం ఉన్నారట. మొహాలు వాడిపోయి ఉన్నాయి గానీ కళ్ళు మెరుస్తున్నాయి.

"నలుగురు మోసుకొచ్చారని నువ్వే గదా చదివించావు పెద్దమ్మా. మేం నలుగురం ఉన్నాం" అన్నాడు ప్రవీణ్.

ఎలీశమ్మకు లోపల ఏదో బెదురు. జోజప్ప మంచం చుట్టూ నిలబడ్డ వాళ్ళంతా గుర్తొచ్చారు. కానీ ఆ పిల్లల ముందు ఏమని చెప్పగలదు? వద్దంటే యేసు వల్ల కాదని చెప్పినట్టుంటుంది. అవునంటే రేపేమవుతుందో తనకు తెలియదు. సరే, నేనూ వస్తాను అంది.

సభలో జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. స్టేజి మెట్లు భవిత ఎక్కలేకపోతే ప్రవీణ్ ఎత్తుకుని తీసుకుపోయాడు. ప్రసంగీకుడు ఆమె తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేశాడు. డ్రమ్ములు మోగాయి. తరవాత మైకు ఆమె నోటి దగ్గర పెట్టి ఇప్పుడెలా ఉందమ్మా అని అడిగాడు. బాగుందయ్యా, ఆయాసం లేదు అంది భవిత. మైదానమంతా చప్పట్లు. నమ్మినవాళ్ళు ఇక వెనక్కి తిరిగి చూడరని ఆయన మైకులో చెప్పాడు. ధనలక్ష్మి స్టేజి కింద మోకాళ్ళ మీద పడి ఏడ్చింది. ఇంటికి పోయాక మాత్రల డబ్బా తీసి అటక మీద పెట్టేసింది. మాత్ర వేస్తే వెనక్కి తిరిగి చూసినట్టే అనుకుంది ఆ తల్లి. భర్త దారిలోంచి ఫోన్ చేసి బిడ్డ మాత్రలు వేసుకుంటుందా అని అడిగితే, వేసుకుంటుంది అని చెప్పింది.

ఈ సంగతి ఎలీశమ్మకు తెలియదు.

కొన్ని వారాల తరవాత క్లాసులో బేత్సయిదా అనే ఊళ్ళో గుడ్డివాడి కథ వచ్చింది. యేసు అతని కళ్ళ మీద చెయ్యి పెట్టి ఏమైనా కనబడుతుందా అని అడిగాడు. మనుషులు కనబడుతున్నారు గానీ, నడిచే చెట్లలాగా ఉన్నారని అతను చెప్పాడు. యేసు మళ్ళీ చెయ్యి పెడితే అప్పుడు సరిగ్గా కనబడింది. సాయి కిరణ్‌కు ఇది మింగుడుపడలేదు. తుపానును ఒక్కమాటతో ఆపినాయన ఇక్కడ రెండుసార్లు ఎందుకు చెయ్యాల్సొచ్చింది? ఎలీశమ్మ చానాసేపు ఆలోచించి తనకూ తెలియదని ఒప్పుకుంది.

గోడ దగ్గర్నుంచి భవిత మెల్లిగా అంది. "సగం కనబడితే సగమే కనబడిందని చెప్పాడు గదా పెద్దమ్మా ఆయన. చుట్టూ అంతమంది చూస్తా ఉన్నా, అబద్ధం చెప్పలా."

ఎలీశమ్మ ఆ పిల్ల వైపు చూసింది. మొహం ఉబ్బి ఉంది. లంగా అంచు కింద పాదాలు వాచి, చెప్పుల పట్టీలు దిగి గుర్తులు పడి ఉన్నాయి. ఆమె మిగతా పిల్లల్ని పంపించేసి, చాప మీద భవిత పక్కన కూర్చుంది.

"నీకు బాగుందా?"

భవిత తల అడ్డంగా ఊపింది. "అందరూ చప్పట్లు కొడతా ఉంటే బాలేదని ఎట్టా చెప్పను పెద్దమ్మా. అన్న నన్ను ఎత్తుకుని నిలబడ్డాడు. అమ్మ కింద ఏడస్తంది. నేను బాలేదంటే అందరి విశ్వాసం పోద్దనుకున్నా."

మాత్రల సంగతి అప్పుడు బయటికొచ్చింది. ఎలీశమ్మ ఆ ఎండలోనే భవితను ఇంటికి నడిపించుకుపోయింది. ధనలక్ష్మిని ఆమె తిట్టలేదు. అటక మీద డబ్బా ఎక్కడుందని మాత్రం అడిగింది. ధనలక్ష్మి స్టూలు వేసుకుని దించింది. డబ్బా అందుకునేటప్పుడు ఎలీశమ్మ ఆమె చేతుల్ని కాసేపు పట్టుకుంది. ఆ సాయంత్రమే బండి మాట్లాడుకుని గుంటూరు పోయారు.

ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. నీరు తీశారు, మందులు మార్చారు. గుండె బాగా బలహీనపడిందని, ఇప్పుడు ఆపరేషన్‌కు తట్టుకోలేదని, కాస్త కోలుకుంటే అప్పుడు చూద్దామని ఇంటికి పంపారు. మాత్రలు ఆపకపోతే ఎలా ఉండేదని ప్రవీణ్ డాక్టర్‌ను అడిగాడు. జబ్బు ముందునుంచీ ముదిరే ఉంది బాబూ అని మాత్రం అంది డాక్టరమ్మ. ఆ మాట వాడికి ఓదార్పు కాలేదు.

తరవాత నుంచి క్లాసు భవిత ఇంట్లోనే. ఆమె మంచం మీద, పిల్లలు కింద. మార్కులో కథ కూడా మారిపోయింది. జబ్బులు బాగుచెయ్యడం తగ్గింది. యేసు యెరూషలేము వైపు నడుస్తూ, తను బాధలు పడతానని, తనను చంపుతారని శిష్యులకు పదే పదే చెప్తున్నాడు. వాళ్ళకు అది ఎక్కడంలేదు. నీ రాజ్యంలో మాకు కుడిపక్క కుర్చీ, ఎడమపక్క కుర్చీ కావాలని అడుగుతున్నారు. చదువుతుంటే ఎలీశమ్మకు సిగ్గేసింది. తను కూడా ఈ భాగాలు ఎప్పుడూ త్వరత్వరగా దాటేసేది. గుడ్డివాడికి ఒక్కసారికే ఎందుకు కనబడలేదో అప్పుడు కాస్త తెలిసినట్టనిపించింది. ఆ కథ తరవాతే గదా, నేనెవరినని మీరనుకుంటున్నారని ఆయన శిష్యుల్ని అడిగింది. నువ్వు క్రీస్తువని పేతురు ఠక్కున చెప్పాడు. వెంటనే సిలువ మాటెత్తితే కాదు పొమ్మన్నాడు. పేతురుకు సగమే కనబడింది. తనూ ఈ పిల్లలకు సగం యేసునే చూపించింది. అదే విషయం ఆ ఆదివారం వాళ్ళకు చెప్పింది. ప్రవీణ్ గడప మీద కూర్చుని నేల వైపే చూస్తూ విన్నాడు.

పట్టుబడే ముందు రాత్రి యేసు ప్రార్థన చేసిన గెత్సేమనే తోట వంతు భవితది. చదవలేనంటే వేరేవాళ్ళకు ఇద్దామనుకున్నారు గానీ, తనే చదువుతానంది. ఆగి ఆగి చదివింది. యేసు నేల మీద పడి, నాన్నా, నీకు అన్నీ సాధ్యమే, ఈ బాధల గిన్నె నా దగ్గర్నుంచి తీసెయ్యి అని అడిగే చోటికొచ్చి ఆపేసింది. తల్లి పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి తలుపు దగ్గర నిలబడింది. భవిత ఆ వాక్యాన్ని లోలోపల మళ్ళీ చదువుకుంది.

"ఆయన కూడా అడిగాడు పెద్దమ్మా" అంది.

"అడిగాడమ్మా."

"నేను అడిగినట్టే అడిగాడు. తియ్యలా గదా."

"తియ్యలేదు."

గోతుల వైపు నుంచి లారీలు పోతున్న చప్పుడు. భవిత పుస్తకం గుండెల మీద బోర్లా పెట్టుకుంది.

"మొన్న ప్రార్థనకొచ్చినవాళ్ళు, నాకు విశ్వాసం చాల్లేదు, అందుకే జబ్బు తిరగబెట్టిందని అమ్మతో అన్నారు. అట్టాగైతే ఆయనకి కూడా విశ్వాసం చాల్లేదంటారా?"

వాకిట్లో చెప్పులు వేసుకుంటూ ఆవిడ అన్న మాట ఇన్నేళ్ళూ ఎలీశమ్మ ఒంటరిగా మోసింది. అప్పుడు మొదటిసారి ఆ పిల్లల ముందు చెప్పింది, జోజప్ప గురించి, ఆ గంజి గిన్నె గురించి, ఆ మాట గురించి. తనకు విశ్వాసం తక్కువేమోనని ఎన్నేళ్ళు అనుకున్నదీ చెప్పింది. ఈ తోట సంగతి ఎన్నోసార్లు చదివినా, భవిత అడిగిన ప్రశ్న తనకు ఎప్పుడూ తట్టలేదంది.

"అయితే ఆయనకి తెలుసు" అంది భవిత. "అడిగితే లేదనిపించుకోవడం ఎట్టా ఉంటదో ఆయనకి తెలుసు." కాస్త ఊపిరి తీసుకుని, "నాకు ఇప్పుడు ఆయనంటే భయం లేదు" అంది.

తలుపు దగ్గర ధనలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

భవిత వానలు మొదలయ్యేదాకా ఉంది. ఒకరోజు పొద్దున తల్లి తల దువ్వుతుంటే, కాస్త వెనక్కి ఆనుకుంటానంది. ఆనుకున్న పిల్ల మళ్ళీ పలకలేదు. ప్రవీణ్ కాలేజీకి బయల్దేరినవాడల్లా కేక విని వెనక్కి వచ్చాడు. చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. యాయీరు కూతురితో యేసు అన్న ఆ మాటలే అన్నాడు. ఇంట్లో ఉన్నవాళ్ళు విన్నారు. ఎంతసేపటికీ ఆ చెయ్యి వదల్లేదు. చివరికి అయ్యగారు వచ్చి, అతని వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు.

చెన్నకేశవులు అప్పుడు మహారాష్ట్రలో లోడు దించుతున్నాడు. లారీ అక్కడే వదిలేసి బస్సులు మారి వచ్చాడు. ఆయన కోసం మర్నాటిదాకా ఆగి, చర్చి సమాధుల దొడ్డిలో భూస్థాపన చేశారు. మట్టి వేసేటప్పుడు ఆయన పక్కకు పోయి తుమ్మచెట్టు కింద నిలబడ్డాడు. మాత్రల సంగతి అప్పటికి ఎవరో చెప్పారు. భార్యను ఆయన ఒక్క మాట అనలేదు. ఎప్పటికీ అనలేదు. తిట్టినా బాగుండేదని ధనలక్ష్మి తరవాత ఎలీశమ్మతో అంది.

భూస్థాపన తరవాత ఇంటివాళ్ళను ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికలో సంఘంవాళ్ళు తలా ఒక మాట చెప్పారు. దేవుడు ప్రేమించినవాళ్ళను ముందు తీసుకుపోతాడన్నారు. ఇంకెవరో తల్లి విశ్వాసంలో నిలబడలేదని గుసగుసలాడారు. ప్రవీణ్ మధ్యలో లేచి బయటికి పోయాడు. ఎలీశమ్మ అతని వెనకాలే పోయి చర్చి గోడ పక్కన పట్టుకుంది.

"నలుగురు మోసుకొస్తే లేపాడని నువ్వే చెప్పావు పెద్దమ్మా" అన్నాడు. అరవలేదు. "మేం కూడా మోసుకుపోయాం గదా. నేనే ఎత్తుకుపోయా. ఏం తక్కువ చేశాం?"

"ఏం తక్కువ చెయ్యలేదు నాయనా."

"మరి ఎందుకు?"

తనకు తెలియదంది ఎలీశమ్మ. ఆ మాట తప్ప ఇంకేదన్నా చెప్పగలిగితే బాగుండునని చానా వెతుక్కుంది. దొరకలేదు. ప్రవీణ్ ఇంకెప్పుడూ రానని చెప్పి వెళ్ళిపోయాడు. చదువు మానేసి ఫ్యాక్టరీలో లోడింగు పనిలో చేరాడు.

అతని వెనక మిగతా పిల్లలు కూడా తగ్గిపోయారు. ఇద్దరు గుంటూరు కాలేజీల్లో చేరారు. ఇంకొందరిని ఇంట్లోవాళ్ళే పంపలేదు. ఎలీశమ్మ అయ్యగారి దగ్గరకు పోయి, ఇక తన వల్ల కాదని చెప్పింది. తను చదివించిన కథలే ఆ పిల్లల్ని ఆ స్టేజి దాకా తీసుకుపోయాయని, ముందే నోరు విప్పి ఉంటే మాత్రలు ఆగేవి కావని ఏడ్చింది. ఆయన ఆమెను సమాధానపరచాలని చూడలేదు. తనూ ఆ సభల కరపత్రాన్ని చర్చి తలుపుకు అంటించాడని, దాన్ని చింపిన రోజు నుంచి సరిగ్గా ప్రసంగం తయారుచేసుకోలేకపోతున్నానని చెప్పాడు. మానడం, మానకపోవడం ఆమె ఇష్టమన్నాడు.

తరవాతి ఆదివారం పంచలో చాప పరచలేదు. ఆ వచ్చే ఆదివారమూ లేదు. మూడోవారం ఆరాధన అయ్యాక ఎలీశమ్మ ఇంటికి పోతుంటే ధనలక్ష్మి దారికడ్డంగా వచ్చి నిలబడింది. చేతిలో భవిత బైబిలు ఉంది.

"అక్కా, నాకు చదువు రాదు. నా బిడ్డ యాడిదాకా చదివిందో అక్కడ్నుంచి నాకు చదివి పెట్టు" అంది.

పంచలో చాప పరిచారు. ధనలక్ష్మి, ఎలీశమ్మ, వాళ్ళను చూసి వెనక్కి తిరిగొచ్చిన వర్షిణి, సాయి కిరణ్. భవిత గెత్సేమనేలో ఆపిన చోటు నుంచి మొదలుపెట్టారు. శిష్యులు పారిపోవడం, పేతురు ఆయనెవరో తనకు తెలియదని ఒట్టుపెట్టుకోవడం, సైనికులు మొహాన ఉమ్మెయ్యడం. వర్షిణి చదువుతుంటే ఎలీశమ్మ ఒక్కో ముక్కా ధనలక్ష్మికి మామూలు మాటల్లో చెప్పింది. సిలువ మీద ఆయన పెద్దగా కేకవేసి, దేవా, నన్ను ఎందుకు వదిలేశావు అని అడిగిన చోట ధనలక్ష్మి చెయ్యెత్తి ఆపమంది.

"ఆ మాట యేసుప్రభువే అన్నాడా?"

"ఆయనే అన్నాడు."

"అట్టా అనొచ్చా అక్కా?"

"ఆయనే అన్నాడు గదా ధనలక్ష్మీ."

బిడ్డ పోయిన రోజు నుంచి ధనలక్ష్మి పదిమందిలో ఏడవలేదు. ఏడిస్తే విశ్వాసం లేదంటారని బిగపట్టుకుని తిరిగింది. ఆ చాప మీద అప్పుడు ఏడ్చింది. దేవుడిని ఎందుకని అడుగుతూ, భవితను పేరు పెట్టి పిలుస్తూ, చానాసేపు ఏడ్చింది. వర్షిణి ఆమెను పట్టుకుని కూర్చుంది. సాయి కిరణ్ తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఎలీశమ్మ ఎవరినీ ఊరుకోమనలేదు. చదవాల్సింది ఇంకా ఉంది గానీ, ఆ రోజు అక్కడితోనే ఆపారు.

ఆ పై ఆదివారం చివరి అధ్యాయం చదివారు. సమాధి దగ్గరకు పొద్దున్నే పోయిన ఆడవాళ్ళు, ఆ పెద్ద రాయి ఎవరు దొర్లిస్తారని దారిలో దిగులుపడడం ధనలక్ష్మికి నచ్చింది. మేం కూడా అట్టాగే అనుకుంటాం అంది. రాయి దొర్లి ఉండడం, ఆయన అక్కడ లేడు, లేచాడని లోపలున్న యువకుడు చెప్పడం, ఆ ఆడవాళ్ళు భయంతో వణుకుతూ పారిపోవడం విన్నాక, మరి భవిత కూడా లేస్తుందా అని వర్షిణి అడిగింది.

"లేస్తదని నమ్ముతున్నా" అంది ఎలీశమ్మ. "ఆయన చెయ్యి పట్టుకుని లేపుతాడనే నమ్ముతున్నా. కానీ ఆయన లేచింది చచ్చిపోయిన తరవాత. చావు పక్కనుంచి తప్పించుకుని పోలేదు. అది మీకు నేను ముందే చెప్పాల్సింది."

ఇప్పుడు ఆ పంచలో కొత్త పిల్లలున్నారు. వర్షిణి డిగ్రీకి నరసరావుపేట పోయింది. సెలవులకొస్తే చాప మీద కూర్చుంటుంది. ధనలక్ష్మి ఏ ఆదివారమూ మానదు. పిల్లలు చదువుతుంటే పెదవులు కదుపుతూ వింటుంది. ఎలీశమ్మ మళ్ళీ మార్కే మొదలుపెట్టింది. పక్షవాతం మనిషిని లేపిన కథ వచ్చినప్పుడు మునుపటిలా నవ్వలేకపోయింది గానీ, దాన్ని దాటెయ్యలేదు. యేసు నిజంగానే లేపాడని చెప్పింది. అడిగిన ప్రతిసారీ లేపలేదని కూడా చెప్పింది. ఎవరికన్నా జబ్బు చేస్తే ప్రార్థన చెయ్యండి, మాత్రలు కూడా వెయ్యండి అంది. జబ్బుచేసిన వాళ్ళింట్లో ఆమె ఇప్పుడు అందరికంటే ముందు లేచి రావడంలేదు. అందరూ పోయాక, ఆ ఇంటి ఆడమనిషి పక్కన ఇంకాసేపు కూర్చుంటుంది.

ప్రవీణ్ ఇంతవరకూ చర్చికి రాలేదు. ఎలీశమ్మ రమ్మని అడగలేదు. షిఫ్టు దిగి వస్తూ ఒంటినిండా సిమెంటు పొడితో ఒక్కోసారి ఆమె వాకిటి ముందు ఆగుతాడు. తిన్నావా నాయనా అని ఆమె అడుగుతుంది. తిన్నా పెద్దమ్మా అంటాడు. చెల్లెలి పేరు ఇద్దరూ ఎత్తరు. కాసేపు అట్లా నిలబడి, అతను ఇంటికి పోతాడు. ఆమె మిషను ముందు కూర్చుంటుంది.